గడియారం తీసేసిన ఫోటో, బీరు డబ్బా పెట్టిన బొమ్మ

1910 ప్రాంతంలో ఎడ్వర్డ్ కర్టిస్ అనే తెల్ల ఫోటోగ్రాఫర్ అమెరికాలో పీగన్ తెగవాళ్ళ గుడారంలో ఒక ఫోటో తీశాడు. ఇద్దరు మనుషులు కూర్చుని ఉంటారు. వాళ్ళ మధ్యలో ఒక గడియారం ఉంటుంది. కానీ ఆ ఫోటో పుస్తకంలోకి ఎక్కేసరికి గడియారం లేదు. చెరిపేశారు. గడియారం ఉంటే వచ్చిన నష్టమేమిటి? ఇండియన్ అంటే కాలానికి బయట ఉండేవాడు, నేడో రేపో అంతరించిపోయేవాడు అని ఫోటోలు కొనేవాళ్ళ నమ్మకం. గడియారం ఆ నమ్మకానికి అడ్డం. మనిషి మన కాలంలోనే, మన పక్కనే బతుకుతున్నాడని అది చెప్పేస్తుంది.

1969లో ఫ్రిట్జ్ షోల్డర్ అనే చిత్రకారుడు సరిగ్గా దీనికి ఎదురు పని చేశాడు. బొమ్మలోంచి వస్తువు తీసేయకుండా, ఉండకూడదనుకున్న వస్తువునే తెచ్చి పెట్టాడు. ఆ తైలవర్ణ చిత్రం పేరు ‘బీరు డబ్బాతో ఇండియన్’. తల మీద నల్లటి వెడల్పు టోపీ. కళ్ళకి చలవ అద్దాలు. మొనదేలిన పళ్ళు. ముందు ఒక బీరు డబ్బా. ఈకలు లేవు, గుర్రం లేదు, అస్తమించే సూర్యుడు లేడు. ఈ బొమ్మ గురించీ, దీన్ని వేసిన మనిషి గురించీ ఇక్కడ మాట్లాడదలిచాం. మాకేమిటి సంబంధం అని అడగొచ్చు. మన గురించి ఎవరు, ఎలా, ఎవరి కోసం బొమ్మ కట్టాలి అన్న చర్చ మన దగ్గర ఇంకా తెగలేదు. అదే సంబంధం.

ముందు ‘ఇండియన్’ అన్న మాట. అది కొలంబస్ పొరపాటు. అక్కడి మూలవాసులకి లకోటా, నవహో, కయోవా లాంటి వందల సొంత పేర్లున్నాయి. పెట్టినవాడి పొరపాటుని మోయాల్సింది పేరు పడ్డవాడే. ఊరు పెట్టిన పేర్లతో బతికిన మనకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. షోల్డర్ తన బొమ్మల పేర్లలో ఆ మాటే వాడాడు కాబట్టి మేమూ వాడుతున్నాం.

పడమటి అమెరికా బొమ్మలకి ఒక చరిత్ర ఉంది. 1830లో మూలవాసుల్ని వాళ్ళ నేలల నుంచి మిసిసిపీ నదికి పడమర తరిమే చట్టం వచ్చింది. అదే దశాబ్దంలో జార్జ్ కాట్లిన్ తెగలన్నీ తిరిగి వందలాది బొమ్మలు వేశాడు. ఒక చేత్తో తరమడం, ఇంకో చేత్తో బొమ్మ గీసి దాచుకోవడం. ఆ తర్వాత రెమింగ్టన్, రస్సెల్ లాంటివాళ్ళు గుర్రాలనీ, తుపాకుల్నీ, ఈకల కిరీటాల్నీ సరుకు చేశారు. సినిమా ఆ సరుకుని ప్రపంచమంతా అమ్మింది. మన తెలుగువాళ్ళకి కూడా ఆ టోపీ సినిమాలోంచే తెలుసు. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ దాన్ని కృష్ణ నెత్తిన పెట్టింది. ఆ టోపీ కింద ఇండియన్ తల కూడా ఉండొచ్చని మాత్రం ఏ సినిమా మనకి చెప్పలేదు. నిజానికి రిజర్వేషన్లలో పశువుల్ని కాసిన ఇండియన్లు ఎందరో ఆ టోపీ పెట్టుకున్నవాళ్ళే. అది అరువు వేషం కాదు. పని మనిషి టోపీ.

మూలవాసులు తమ బొమ్మలు తామే వేసుకున్నా పెత్తనం పోలేదు. 1932లో శాంటాఫే ఇండియన్ స్కూల్లో డొరొతీ డన్ అనే తెల్ల టీచరు చిత్రకళ శాఖ పెట్టింది. నీడలు లేని చదునైన రంగులు, వేటలు, నాట్యాలు. అదే అసలైన ఇండియన్ శైలి అని స్థిరపడిపోయింది. 1958లో ఆస్కార్ హౌ అనే డకోటా చిత్రకారుడు కొత్త పద్ధతిలో వేసిన బొమ్మని టల్సాలో ఒక పోటీ తిరగ్గొట్టింది. కారణం? అది సంప్రదాయ ఇండియన్ చిత్రంలా లేదట! డకోటావాడికి డకోటా శైలి ఏదో న్యాయనిర్ణేతలు చెప్పారు. హౌ ఊరుకోలేదు. నిరసిస్తూ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం తర్వాత తలుపులు కొంచెం తెరుచుకున్నాయి. ఈ ఆస్కార్ హౌ దగ్గరే షోల్డర్ హైస్కూల్లో బొమ్మలు నేర్చుకున్నాడు.

ఇక షోల్డర్ ఎవరు? 1937లో మిన్నెసోటాలో పుట్టాడు. 2005లో పోయాడు. తండ్రి వైపు నానమ్మ కాలిఫోర్నియాలోని లూయిసెన్యో తెగ మనిషి. అంటే అక్కడి లెక్క ప్రకారం ఇతనిలో ఆ రక్తం నాలుగో వంతు. తండ్రి ప్రభుత్వ ఇండియన్ స్కూళ్ళలో ఉద్యోగి. కొడుకు తెగలో పెరగలేదు. తెగ జాబితాలో పేరు ఉంది గానీ, తాను ఇండియన్ని కాదని చాలాసార్లు అన్నాడు. 1964లో శాంటాఫేలో, అప్పటికి రెండేళ్ళ క్రితమే మొదలైన ఇండియన్ ఆర్ట్స్ సంస్థలో టీచరుగా చేరాడు. ఇండియన్ల బొమ్మ ఎన్నటికీ వేయనని అన్నాడు. ఆ విషయం అరిగిపోయిందని అతని అభిప్రాయం. 1967లో మాట తప్పాడు. తన విద్యార్థులు ఆ పాత మూసతో పెనుగులాడటం చూసి, మూసని పగలగొట్టాలనుకున్నాడు. ‘ఇండియన్ నంబర్ 1’ తో మొదలుపెట్టాడు. రెండేళ్ళకి బీరు డబ్బా బొమ్మ వచ్చింది.

ఆ 1969 మామూలు ఏడాది కాదు. ఆ నవంబరులో మూలవాసుల యువతరం ఆల్కట్రాజ్ దీవిని ఆక్రమించి పంతొమ్మిది నెలలు నిలబడింది. అలాంటి కాలంలో తాగుతున్న ఇండియన్ బొమ్మా? సొంత మనుషుల్లోనే చాలామందికి కోపం వచ్చింది. తాగుబోతు ఇండియన్ అన్న తెల్లవాడి తిట్టుకి మనవాడే రంగులద్దాడన్నారు. ఆ కోపాన్ని మేం తేలిగ్గా తీసేయం. ‘తాగి పడుంటారు’ అన్న మాట మన వాడల మీద ఎన్నిసార్లు పడిందో మనకి తెలుసు. హాస్టల్ మెస్ దగ్గర్నుంచి యూనివర్సిటీ సెమినార్ దాకా విన్నవాళ్ళమే.

అయినా ఆ బొమ్మని తీసి పారేయలేం. తిట్టుకి జవాబుగా మర్యాదస్థుడి బొమ్మ గీస్తే సరిపోతుందా? ఆ పని మన దగ్గర జరిగింది. 1922 నాటి ‘మాలపల్లి’ లో ఉన్నవ లక్ష్మీనారాయణ చూపిన రామదాసు తత్త్వం తెలిసినవాడు, శాంతమూర్తి, సాధువు. ఉన్నవ మంచి మనసుని మేం శంకించడం లేదు. కానీ మనిషిగా ఒప్పుకోవాలంటే మాలవాడు రుషి కావాలా? ఈకల కిరీటంతో దూరంగా చూసే ఉదాత్త ఇండియన్ కూడా ఇలాంటివాడే. ఉదాత్తత కూడా ఒక షరతే. షోల్డర్ ఆ షరతుని కొట్టేశాడు. అతని ఇండియన్ మంచివాడని చెప్పదు బొమ్మ. జాలి అడగదు. చలవ అద్దాల వెనక కళ్ళు కనపడవు కాబట్టి చూసేవాడు వాటిల్లోకి దిగి దుఃఖం వెతుక్కోలేడు. మొనదేలిన పళ్ళు చూస్తే అది చూసేవాడి భయమే తిరిగి చూసేవాడి మీదికి వచ్చినట్టుంటుంది. మీరు మమ్మల్ని ఇలా అనుకుంటున్నారు కదా, చూడండి మరి, అన్నట్టు.

ఇంతవరకూ మేం షోల్డర్ వైపే. ఇక్కడ ఆగి రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటిది: డబ్బా ఎక్కడ్నుంచి వచ్చింది? అమెరికాలో ఇండియన్లకి సారాయి అమ్మడం కేంద్ర చట్టం ప్రకారం నేరంగా ఉండేది. ఆ నిషేధం 1953లో సడలింది. బొమ్మ నాటికి పదహారేళ్ళే. అంటే తాగడం కూడా ఒక జాతి మీద పెట్టిన కాపలాలో భాగం. అమ్మేవాడు, లాభపడేవాడు, ఒకప్పుడు నిషేధించి ఇప్పుడు పన్ను తీసుకునేవాడు, వీళ్ళెవరూ బొమ్మలో లేరు. డబ్బా ఉంది, దుకాణం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేసింది దీనికి తిరగబడ్డ పని. వాళ్ళు తాగే మొగుళ్ళని తిట్టి ఊరుకోలేదు. సారా దుకాణం మూయించారు. కాంట్రాక్టరునీ, సర్కారు ఆదాయాన్నీ నిలదీశారు. తాగేవాడి ముఖం మీంచి అమ్మేవాడి ముఖం మీదికి చూపు తిప్పారు. షోల్డర్ బొమ్మకి ఆ చూపు లేదు.

రెండోది: ఈ మనిషి పేరేమిటి? షోల్డర్ వేసిన ఎన్నో బొమ్మలకి పేర్లు ఇలాగే ఉంటాయి. ‘ఇండియన్ నంబర్’ ఇంత, ఫలానా వస్తువుతో ఇండియన్. 1971 నాటి ‘సూపర్ ఇండియన్ నంబర్ 2’ లో కొమ్ముల కిరీటం పెట్టుకున్న నాట్యకారుడి చేతిలో ఐస్‌క్రీం ఉంటుంది. వెక్కిరింత బాగుంది. కానీ మనిషి మళ్ళీ ఒక రకానికి నమూనానే. మూసని పగలగొట్టిన చెయ్యి ఇంకో మూసని పోసింది. అది బాగా అమ్ముడైంది కూడా. కర్టిస్ ఫోటో వేలాడిన గోడల మీదే ఇదీ వేలాడింది. కొనేవాడు మారలేదు, రుచి మారింది.

ఈ చిక్కుని దాటినవాడు షోల్డర్ విద్యార్థే. టి.సి. కానన్. కయోవా, కాడో తెగల బిడ్డ. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చాడు. 1978లో ముప్పై ఒక్కేళ్ళకే కారు ప్రమాదంలో పోయాడు. 1972లో వాషింగ్టన్‌లో గురుశిష్యుల బొమ్మలు ఒకే ప్రదర్శనలో పెట్టారు. కానన్ 1975లో వేసిన ఒక బొమ్మలో ఓసేజ్ తెగ పెద్దమనిషి నిండు అలంకారంతో బెత్తు కుర్చీలో కూర్చుని ఉంటాడు. వెనక గోడకి వాన్‌గో గోధుమచేను. బొమ్మ పేరు ‘కలెక్టర్ నంబర్ 5’. మన జిల్లా కలెక్టరు కాదు, కళాఖండాలు కొని సేకరించేవాడు. ఇక్కడా నంబరే ఉంది, మనిషి పేరు లేదు. కానీ తేడా చూడండి. ఇన్నాళ్ళూ గోడకి వేలాడినవాడు గోడకి యజమాని అయ్యాడు. తెల్లవాడి కళని తన ఇంట్లో పెట్టుకుని చూసేవాడయ్యాడు. గడియారం చెరపలేదు, డబ్బా పెట్టలేదు. కుర్చీ వేశాడు.

మన వాడల్లో కోటూ, టై, చేతిలో పుస్తకంతో ఉన్న అంబేద్కర్ బొమ్మకి ఇంత బలం ఎందుకుందో ఈ వెలుగులో మళ్ళీ ఆలోచించాలి. దాన్ని సూటూబూటు వ్యామోహం అనేవాళ్ళున్నారు. వాళ్ళకి మన ఒంటి మీద గోచీ ఉంటేనే అసలైనవాడు. గడియారం చెరిపిన చెయ్యి అదే.

చివరిగా, షోల్డర్ ఇండియనా కాదా? అమెరికాలో 1990లో వచ్చిన చట్టం తెగ సభ్యత్వమో, తెగ ఇచ్చిన ధృవీకరణో లేకుండా ఇండియన్ కళ అని అమ్మడాన్ని నేరం చేసింది. నకిలీల్ని ఆపడానికి అది అవసరమే. దళితులే దళిత సాహిత్యం రాయాలని మనవాళ్ళు పట్టుబట్టడానికీ అలాంటి అవసరమే కారణం. మేం ఆ పట్టు వదలమనడం లేదు. కానీ సర్టిఫికెట్ లోపలికి రానిచ్చే కాగితం మాత్రమే. లోపల ఏం చేశావన్నది వేరే లెక్క. షోల్డర్ కాగితం ఉండీ తాను కాదన్నవాడు. అయినా తెల్ల చిత్రకారులెవరూ విరగ్గొట్టని అబద్ధాన్ని విరగ్గొట్టాడు. ఆ విరిగినచోట ఏం కట్టాలో అతనికి తోచలేదు. విద్యార్థికి తోచింది.

మన రాతగాళ్ళనీ, బొమ్మలేసేవాళ్ళనీ మేం కోరేది అందమైన ముఖాలు కాదు. గాయం చూపించండి, డబ్బా కూడా చూపించండి. దానితో పాటు దుకాణం చూపించండి, మనిషికి పేరు పెట్టండి, కూర్చోడానికి కుర్చీ వేయండి.