రాయసం చేతి గంటం

మధుర నాయకుల కొలువులో దళవాయి (సేనాపతి), ప్రధాని తర్వాత చెప్పుకోవలసిన ఉద్యోగి రాయసం. ప్రభువు మాటను వ్రాతలో పెట్టడం అతని పని. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మొదలుపెట్టిన ఈ తెలుగు ఏలుబడి 1736 దాకా సాగింది. కోయంబత్తూరు వైపు కొంగునాడూ దాని కిందిదే. రాజ్యాన్ని పాళెగాళ్ల కింద 72 పాళెయాలుగా (సైనిక మండలాలుగా) పంచి, మధుర కోట బురుజుల కాపలాను ఒక్కొక్క పాళెగాడికి అప్పగించారని సంప్రదాయం చెబుతుంది. అన్ని పాళెయాలతో కప్పం, సైన్యం లెక్కలు నడవాలంటే వ్రాయసకాళ్లు లేనిదే కుదరదు.

ఆ వ్రాతలోని పనితనం చిన్నది కాదు. తాటాకును ఎండబెట్టి, సాపు చేసి, చిల్లు పొడిచి దారం గుచ్చాలి. ఎడమ అరచేతిలో ఆకు, కుడిచేతిలో ఇనుప గంటం. ఈనె వెంట అడ్డగీత గట్టిగా లాగితే ఆకు చీలిపోతుంది, తెలుగు అక్షరపు గుండ్రదనం అక్కడ చేతికి గొప్ప సాయం. గీరిన గీత మొదట కంటికి ఆనదు. మసి పూసి తుడిస్తే నల్లగా తేలుతుంది. తప్పు పడితే చెరిపే వీలు దాదాపు లేదు. అందుకే వాక్యం మనసులో పూర్తయ్యాకే గంటం కదిలేది. శాశ్వత దానాలకైతే అదే పాఠం రాగిరేకు మీదికి ఎక్కేది. తమిళనేలపై తెలుగులో వెలువడిన నాయకుల శాసనాల వెనుక ఉన్నది ఈ ఓర్పే.