చావు ముందు అందరూ సమానమేనా? మార్లన్ రిగ్స్ ఎయిడ్స్ డాక్యుమెంటరీలు

చావు అందరినీ సమానం చేస్తుందని పెద్దకులాల వేదాంతం చెప్తుంది. ఊరికో శ్మశానం, వాడకో శ్మశానం ఉన్నచోట పుట్టినవాళ్ళకి ఆ మాట నమ్మబుద్ధి కాదు. అమెరికాలో ఎయిడ్స్ మీద కళాకారులు తీసిన డాక్యుమెంటరీలను ఈ అనుమానంతోనే చూడాలి.

1989లో వచ్చిన రెండు చిత్రాలను పక్కపక్కన పెడదాం. ఒకటి రాబ్ ఎప్‌స్టీన్, జెఫ్రీ ఫ్రీడ్‌మన్ తీసిన ‘కామన్ థ్రెడ్స్’. ఎయిడ్స్‌తో చనిపోయినవాళ్ళ పేర్లు కుట్టిన గుడ్డముక్కలన్నీ కలిపి అక్కడ ఒక పెద్ద బొంత చేశారు. అందులోంచి ఐదుగురి కథలు ఈ చిత్రం చెప్తుంది. ఒలింపిక్ ఆటగాడు, హీమోఫీలియా ఉన్న పిల్లవాడు, మత్తుమందు సూదులకి అలవాటుపడిన నల్లమనిషి, అందరూ ఒకే బొంతలో. దీనికి ఆస్కార్ వచ్చింది. మంచి చిత్రమే, కాదనడం లేదు. ప్రభుత్వం పట్టించుకోని మనుషులకి పేర్లున్నాయనీ, వాళ్ళకోసం ఏడ్చేవాళ్ళున్నారనీ చూపించింది. అయితే బొంతలో ముక్కలన్నీ ఒకే కొలత. బతికుండగా వాళ్ళ బతుకుల కొలత ఒకటేనా? అమెరికా జనాభాలో సుమారు 12 శాతం ఉన్న నల్లవాళ్ళు 1986 నాటికే ఎయిడ్స్ కేసుల్లో 25 శాతం ఉన్నారు. ఎందుకిలా జరిగిందన్న ప్రశ్న దుఃఖంలో మునిగిపోతుంది.

రెండోది మార్లన్ రిగ్స్ తీసిన ‘టంగ్స్ అన్‌టైడ్’. కట్లు తెగిన నాలుకలు అని చెప్పుకోవచ్చు. రిగ్స్ 1957లో టెక్సాస్‌లో పుట్టాడు. నల్లజాతివాడు, గే. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. తనకి హెచ్.ఐ.వి. ఉందని 1988లో తెలిసింది. ఈ చిత్రంలో అంతా తెలిసినట్టు పైనుంచి వ్యాఖ్యానం చెప్పే గొంతు లేదు. కవిత్వం, ఆట, పాట, చిటికెలు వేసి ఎదుటివాడి నోరు మూయించే విద్య, స్వానుభవం ఉన్నాయి. ఒకచోట తెరనిండా నోళ్ళే. ఆ నోళ్ళు తిట్లు విసురుతుంటాయి. కొన్ని రంగుని తిడతాయి, కొన్ని ప్రేమని తిడతాయి. కులంపేరే తిట్టుగా విన్న చెవులకి ఈ దృశ్యాన్ని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్కణ్ణుంచి అతను శాన్‌ఫ్రాన్సిస్కోలో గేలకి పేరుపడ్డ కాస్ట్రో పేటకి వస్తాడు. అదంతా తెల్లవాళ్ళ లోకం. విముక్తి దొరికిందనుకున్న చోట తనలాంటి ముఖమే లేదు. ఉన్నచోట బానిసగానో, వేళాకోళపు బొమ్మగానో ఉంది. అందరం ఒకటే అనే ఉద్యమంలో లెక్కకొచ్చేదెవరు, లెక్కకి రానిదెవరు? చిత్రానికి ప్రాణం ఈ ప్రశ్నే. చివర్లో ఎయిడ్స్‌తో చనిపోయిన నల్లవాళ్ళ ఫొటోలు వరసగా వస్తాయి. తన రక్తంలోనూ కాలం లెక్కబెడుతోందని రిగ్స్ చెప్తాడు. పౌరహక్కుల ఊరేగింపు దృశ్యాలూ వాటికి తోడవుతాయి. ఇలా తన జబ్బుని తన జాతి పోరాట చరిత్రలోకి ఎక్కించాడు. జాలికి అక్కడ చోటు లేదు.

అందుకే గొడవైంది. 1991లో ప్రభుత్వ సహాయంతో నడిచే పి.బి.ఎస్. టెలివిజన్లో ప్రసారమైనప్పుడు చాలా స్టేషన్లు వేయమన్నాయి. 1992 ఎన్నికల్లో పాట్ బుకానన్ దీని ముక్కలు కత్తిరించి, ప్రెసిడెంట్ బుష్ మీద ప్రచారానికి వాడుకున్నాడు. బొంతకి ఆస్కార్, నాలుకకి నిషేధం! బాధితుడు ఏడిస్తే ఓదారుస్తారు, లెక్క అడిగితే ఉలిక్కిపడతారు.

‘టంగ్స్ అన్‌టైడ్’కి ఒక లోపముంది. మగవాళ్ళ మాట ఎంత బలంగా వినబడుతుందో, నల్ల స్త్రీల మాట అంత తక్కువ. ఆఖరి చిత్రం ‘బ్లాక్ ఈజ్... బ్లాక్ ఎయింట్’లో ఆ ఖాళీ చాలావరకు నిండింది. ఏంజెలా డేవిస్, బెల్ హుక్స్, మిషెల్ వాలెస్ నల్లజాతి ఉద్యమంలోని మగ పెత్తనాన్ని నిలదీస్తారు. ఆస్పత్రి మంచం మీంచే రిగ్స్ కెమెరాతో మాట్లాడతాడు. చిక్కిపోయిన ఒంటిని దాచడు. 1994 ఏప్రిల్‌లో, 37 ఏళ్ళకి చనిపోయాడు. మిగిలిన పని సహచరులు పూర్తిచేశారు. నల్లతనమంటే ఇదొక్కటేనని గీతగీసి కొందర్ని బయటికి నెట్టే హక్కు ఎవరికీ లేదని చెప్పడానికి అతను చివరి ఊపిరి దాకా పనిచేశాడు.

1972లో మహారాష్ట్రలో దళిత్ పాంథర్స్ తమ పేరుని నల్లజాతి పాంథర్ల నుంచి తీసుకున్నారు. ఆ చుట్టరికం నిజమైతే రిగ్స్ ప్రశ్న కూడా మనదే. ‘ముందు కులం సంగతి తేలనీ, తక్కినవి తర్వాత’ అనే మాట దళిత స్త్రీలు మన సభల్లోనే విన్నారు. ఎయిడ్స్ సంగతి మరీ ఘోరం. 2000 తర్వాతి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి. హైరిస్క్ గ్రూపులని మనుషుల్ని విడదీసి చెప్పారు గానీ, ఆ గ్రూపుల్లోకి ఏ కులాలవాళ్ళని ఏ పేదరికం నెట్టిందో అడిగినవాళ్ళు తక్కువ. జోగిని వ్యవస్థ మీద 1988లో నిషేధ చట్టం వచ్చింది. ఆ వ్యవస్థ తొక్కేసిన ఆడవాళ్ళు ఎక్కువమంది దళితులే. వాళ్ళ గురించి సినిమా తీస్తే మొహం మసకచేసి, కన్నీళ్ళు చూపించి, పైన ఇంకొకళ్ళ గొంతు పెడితే సరిపోదు. కెమెరా ఎవరి చేతిలో ఉంది, చివరి మాట ఎవరిది, జబ్బుకి ముందు ఆ మనిషికి ఏ బతుకుందో చెప్పారా లేదా అని అడగాలి. ఈ కొలతతో చూస్తే మనం మెచ్చుకున్న చిత్రాలెన్ని నిలబడతాయో, మన పరిశోధకులు తేల్చాల్సిన పని అది.