రెక్కలను చివరగా బిగించే నేర్పు
నూలు వడకడానికి ముందే వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి మలినాలను తొలగించే పొందూరు ఖాదీ పనివారి ఓర్పు ఎంత మెచ్చదగినదో, అభిరుచితో డ్రోన్లను స్వయంగా కూర్చే నేర్పరుల జాగ్రత్త కూడా అంతే మెచ్చదగినది. తీగలన్నింటికీ సోల్డరింగ్ పూర్తయిన తరువాత వారు బ్యాటరీని నేరుగా కలపక, దాని వోల్టేజికి తగిన ఫిలమెంటు బల్బును దారిలో ఉంచుతారు. ఎక్కడైనా షార్ట్ సర్క్యూట్ ఉంటే ఆ బల్బు ప్రకాశంగా వెలిగి, విద్యుత్ ప్రవాహాన్ని తగ్గించి, పరికరాలు కాలిపోకుండా కాపాడుతుంది. మోటార్లు తిరిగే దిశను సరిచూసేంతవరకు ప్రొపెల్లర్లను, అంటే గాలిని కిందికి నెట్టి యంత్రాన్ని పైకి లేపే రెక్కలను, బిగించరు కనుక మోటారు అనుకోకుండా తిరిగినా వేళ్లకు గాయం కాదు. రిమోటు సంకేతం తెగినప్పుడు యంత్రం ఏం చేయాలో నిర్దేశించే ఫెయిల్‌సేఫ్‌ను కూడా రెక్కలు లేకుండానే, రిమోటును ఆపి పరీక్షిస్తారు. సాధారణ లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్లును 4.2 వోల్టులు దాటనివ్వరు, ఉబ్బిన బ్యాటరీని వాడరు, ఛార్జింగ్ జరుగుతుండగా దానిని విడిచి వెళ్లరు. ఎగరవేసే ముందు, మన దేశపు 2021 డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని విభజించిన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలలో ఆ చోటు దేనికి చెందుతుందో పటంలో చూసుకొని, జనం లేని మైదానంలోనే తొలి పరీక్ష జరుపుతారు. డ్రోన్ ఎంత ఎత్తుకు ఎగిరిందన్నది కాదు, ఎవరికీ హాని కలగకుండా దిగిందా అన్నదే ఈ పనితనానికి సరైన కొలమానం.