పెట్టెడు సెల్లులు

ఏడాదికి సరిపడా సరుకు కొనడం మా వైపు ఆడవాళ్లకు ఎవరూ నేర్పాల్సిన విద్య కాదు. మార్చిలో కారానికి మిరపకాయలు, కొత్త చింతపండు, కొత్త కందిపప్పు, ఎండలు ముదిరాక ఆవకాయకు మామిడికాయలు. మిరపకాయ విరిచి చూస్తారు, తొడిమ చూస్తారు, తేమ ఉందేమోనని గుప్పెట్లో నలిపి చూస్తారు. ఇంట్లో ఎంతమందిమి, ఎవరెంత కారం తింటారు, హైదరాబాదులో ఉన్న పిల్లకు ఎంత పంపాలి అని లెక్క వేసుకుని మరీ కొంటారు. అంత నేర్పున్న ఇళ్లలోనే టీవీ రిమోట్ పలకకపోతే దాని వీపున రెండు దెబ్బలు వేసి, సెల్లులు తీసి అటూ ఇటూ తిప్పి పెట్టి, అప్పటికీ కాకపోతే పిల్లవాణ్ని వీధి చివర కొట్టుకు పరుగెత్తిస్తారు. వాడు తెచ్చిన సెల్లు ఏ సంవత్సరానిదో ఎవరూ చూడరు. నా మటుకు సెల్లులు కూడా ఏడాది సరుకే. పెట్టెగా కొనాలి, లెక్క వేసి కొనాలి, తేదీ చూసి కొనాలి.

మా గుంటూరు, ప్రకాశం మైదానానికి సెల్లులు కొత్త కాదు. ఒకప్పుడు భుజాన తువ్వాలు, చేతిలో మూడు సెల్లుల లైటు లేకుండా రైతు రాత్రిపూట పొలానికి బయలుదేరేవాడు కాదు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు కాలువల్లోకి వదిలాక, కుడి కాలువ కింద పల్నాడు నుంచి ప్రకాశం చివరి భూముల దాకా రాత్రి వంతు నీళ్లు కాయడం పెద్ద పనైంది. పైన తూము మూసేస్తే కింద చేను ఎండుతుంది, అందుకని గట్టు వెంట లైటు వేసుకుంటూ నడవాలి. బోరు మోటార్లు వచ్చాక కరెంటు ఏ వేళకు ఇస్తే ఆ వేళకు లేవాలి. 2004లో ఉచిత కరెంటు మొదలయ్యాక కూడా చాలాకాలం అది విడతలుగానే వచ్చేది, అందులో రాత్రి విడత ఉండనే ఉండేది. నడుమెత్తు పత్తి మొక్కల మధ్య కట్లపాము ఎక్కడుందో, రక్తపింజరి ఎక్కడుందో చూపేది ఆ లైటొక్కటే. మిరపకాయ కల్లాల్లోనూ అంతే. కోసిన పండుమిరప ఎండేదాకా రాశుల పక్కనే మంచం వేసుకుని, కుక్క మొరిగినప్పుడల్లా, చినుకు పడ్డట్టనిపించినప్పుడల్లా లైటు వేసి చూడాలి. సంవత్సరం కష్టమంతా అక్కడ ఆరుబయట పరుచుకుని ఉంటుంది మరి.

ఇంకో రెండు మూడు సెల్లులు రేడియోకి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ట్రాన్సిస్టర్లు చేతికందాక వ్యవసాయ కార్యక్రమాలు, వార్తలు, పాటలు పొలం గట్టు దాకా వచ్చాయి. అప్పటి రైతులకు ఒక పద్ధతి ఉండేది. లైటులో సెల్లు నీరసపడి గుడ్డి వెలుగు ఇస్తుంటే దాన్ని పారేసేవాళ్లు కాదు, తీసి రేడియోలో వేసేవాళ్లు. బల్బుకు చాలని కరెంటు రేడియోకి ఇంకా చాలారోజులు సరిపోతుంది. రేడియో కూడా గొణగడం మొదలుపెడితే సెల్లుల్ని అరుగు మీద ఎండబెట్టేవాళ్లు. వేడికి లోపలి రసాయన చర్య కాస్త పుంజుకుని ఇంకో పూట గడిచేది. ఇందులో ఉన్న తెలివి నాకు ఇప్పటికీ గౌరవం కలిగిస్తుంది. ఏ పరికరం ఎంత లాగుతుందో కొలత పరికరం లేకుండానే వాళ్లకు తెలుసు. చిట్టచివరికి సెల్లు పగలగొట్టి, అందులోని నల్లపొడిని ఆకుపసరులో కలిపి బడిలో బల్లకు పూసిన పిల్లలం కూడా ఉన్నాం. అది ఇప్పుడు ఎవరూ చెయ్యకూడదు.

అయితే ఆ రైతుకు ఎప్పుడూ దక్కనిది పెట్టె ధర. పొద్దుగూకే వేళ, అవసరం నెత్తిమీదకొచ్చాక, ఊళ్లో ఉన్న ఒక్క కొట్టులో, ఖాతా రాయించి రెండేసి కొనేవాడు. ఏ వస్తువుకైనా అంతకంటే ఖరీదైన కొనుగోలు లేదు. సెల్లుల తయారీ చూస్తే దగ్గర్లోనే ఉంది. నిప్పో సెల్లులు చేసే ఇండో నేషనల్ కంపెనీ 1972లో జపాను సహకారంతో ఏర్పడింది, దాని ఫ్యాక్టరీ నెల్లూరులో. ఒంగోలుకు రెండు గంటల దారి. ఎర్ర రంగు ఎవరెడీ సెల్లు యూనియన్ కార్బైడ్ వాళ్లది. 1984 భోపాల్ ఘోరం తరువాత పదేళ్లకు, 1994లో, ఆ కంపెనీ కలకత్తా ఖైతాన్‌ల చేతికి వెళ్లింది. నాకు తెలిసిన పల్లె కొట్లలో ఈ రెండు రకాలే ఉండేవి, ఎంపిక చేసుకోవాల్సిన బాధ ఉండేది కాదు.

ఇప్పుడు రైతు చేతిలో ఛార్జింగ్ లైటు ఉంది, లేదంటే ఫోనే లైటు. లావు సెల్లు గ్యాస్ గీజరులోనో, ఆటోమేటిక్ పొయ్యిలోనో తప్ప కనపడడం లేదు. దాని బదులు సన్న సెల్లులు చప్పుడు లేకుండా ఇంటినిండా చేరాయి. ఒక మామూలు ఇల్లు లెక్క వేసి చూడండి. మూడు గోడగడియారాలకు మూడు పెన్సిల్ సెల్లులు. బీపీ మిషనుకు నాలుగు. టీవీ రిమోట్‌కు రెండు, సెట్‌టాప్ బాక్సుకు రెండు, ఏసీకి రెండు. కొత్తరకం ఫ్యాన్లు వచ్చాక ఒక్కో ఫ్యానుకూ ఒక రిమోట్, మూడు ఫ్యాన్లంటే ఇంకో ఆరు. ఈ రిమోట్లు చాలావరకు వాడేది పెన్సిల్ సెల్లు కంటే సన్నది, ట్రిపుల్ ఏ. అంటే పెన్సిల్ సెల్లులు ఏడు, సన్నవి పన్నెండు. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా కొంటారు. పెన్సిల్ సెల్లులు డబ్బాలో మిగిలిపోతాయి, కావలసిన సన్నవి ఉండవు. పెట్టె కొనే ముందు కాగితం మీద ఈ లెక్క వేసి బీరువా తలుపు లోపల అంటించుకుంటే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం రకం తెలుసుకోవడం. మనం చౌకగా కొనేది జింక్ కార్బన్ సెల్లు. గడియారం, రిమోట్ లాగేది చాలా తక్కువ కరెంటు, వాటికి ఇది హాయిగా సరిపోతుంది. గడియారంలో ఖరీదైన ఆల్కలైన్ సెల్లు వేయడం నాకు అనవసరమనిపిస్తుంది. బీపీ మిషను అలా కాదు. దానిలో ఒక మోటారు గాలి కొట్టి పట్టీని బిగించాలి, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు కావాలి. అక్కడ ఆల్కలైనే వేయాలి. పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ నాలుగు సెల్లులు, వాటికి బదులు నాలుగు, ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రాత్రి పన్నెండింటికి నాన్నగారికి తల తిరుగుతోందంటే పల్లెలో ఏ కొట్టు తెరిచి ఉంటుంది? పిల్లల బొమ్మకార్లకు మాత్రం పెట్టెలు పెట్టెలు కొనకండి, ఛార్జింగ్ సెల్లులు నాలుగు, ఛార్జరు ఒకటి కొంటే సరిపోతుంది. ఇక పాత రైతుల పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. బీపీ మిషను వద్దన్న సెల్లుతో గోడగడియారం నెలల తరబడి తిరుగుతుంది. గడియారంలో ఉండేది ఒక్కటే సెల్లు కాబట్టి పాతా కొత్తా కలిసిన దోషం కూడా ఉండదు.

ఆ కలపడం గురించి ఒక మాట. రెండు సెల్లుల్లో ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే కొత్తది పాతదాన్ని దాని శక్తికి మించి లాగుతుంది. జింక్ కార్బన్ సెల్లులో జింకు గిన్నే గోడ, జింకే ఇంధనం. వాడేకొద్దీ గోడ పలచబడుతుంది. అయిపోయిన సెల్లును ఇంకా లాగితే గోడ చిల్లుపడి రసం బయటికి వస్తుంది. మా వీధిలో ఒకరింట్లో మంచి బీపీ మిషను ఇలాగే పాడైంది, స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టి ఊడిపోయాయి. సెల్లు ధర ఎంత, మిషను ధర ఎంత! మారిస్తే జత మొత్తం మార్చాలి, ఒకే పెట్టెలోవి వేయాలి. పెట్టెగా కొనడంలో నాకు కనపడే అసలు లాభం ధరలో కంటే ఇందులోనే ఉంది. ఒకే తయారీ, ఒకే తేదీ, ఒకే కంపెనీ సెల్లులు జతలు జతలుగా చేతిలో ఉంటాయి.

ఇప్పుడు తేదీ. జింక్ కార్బన్ సెల్లు వాడకపోయినా రెండు మూడేళ్లకు నీరసపడుతుంది. ఆల్కలైన్ అయిదు నుంచి పదేళ్లు నిలుస్తుంది. ఇది చల్లని గదిలో మాట. వేడి పెరిగేకొద్దీ సెల్లు లోపల తనంతట తాను ఖర్చయిపోతుంది. మే నెలలో రెంటచింతల ఎండ ఎలా ఉంటుందో ఆంధ్రదేశమంతా పేపర్లో చదువుతుంది, మనం ఒంటిమీద చూస్తాం. పడమటి ముఖం రేకుల కొట్టులో, గుమ్మానికి వేలాడదీసిన షాంపూ ప్యాకెట్ల పక్కన సెల్లుల అట్ట రెండు వేసవులు చూసిందంటే దానిమీద రాసిన తేదీకి అర్థం లేదు. గుంటూరులో మిరపకాయ రంగు పోకుండా శీతల గిడ్డంగుల్లో దాచుకునే మనకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఇంట్లోనూ అంతే, వంటింటి పొయ్యి పై అరలో సెల్లులు పెట్టవద్దు. అలాగని ఫ్రిజ్‌లో కూడా వద్దు, బయటికి తీసినప్పుడు చెమ్మ పట్టి కొనలు తుప్పు పడతాయి. నడింట్లో చెక్క బీరువా కింది అర చాలు. పెట్టెలోంచి తీసి విడిగా డ్రాయరులో తాళాలు, చిల్లర నాణేలతో కలిపి పడేయకూడదు. లోహం రెండు కొనలకూ తగిలితే అక్కడే ఖర్చయిపోతాయి, వేడెక్కుతాయి.

అందుకే నేను సెల్లులు కొనేది సరుకు వేగంగా కదిలే చోట. గుంటూరు పట్నంబజారులో హోల్‌సేల్ కొట్లు ఉన్నాయి, పల్లె కొట్లవాళ్లు అక్కడినుంచే పట్టుకెళతారు. నేను వెళితే మొదట ధర అడగను.

“బాబాయ్, తేదీ చూపించు.”

“పోయిన నెలదేనమ్మా, నిన్ననే దిగింది.”

“పెట్టె మీదది కాదు, సెల్లు మీదది చూపించు.”

ఆయన నవ్వుతూ పెట్టె విప్పుతాడు. సెల్లు చొక్కా మీద నెల, సంవత్సరం, ఐఎస్ఐ గుర్తు చూసుకుంటాను. పేరు దగ్గరదగ్గరగా పెట్టిన నకిలీలు తిరణాళ్లలో, సంతల్లో అమ్ముతుంటారు, చేత్తో పట్టుకుంటే తేలిగ్గా ఉంటాయి. వాటి జోలికి వెళ్లవద్దు.

పది సెల్లుల పెట్టె ఒక ఇంటికి చాలు, సన్నవైతే రెండు పెట్టెలు. ఆన్‌లైన్‌లో నూరు సెల్లుల కట్ట చవకగా కనపడుతుంది. నూరు ఒక ఇల్లు ఎప్పటికి వాడుతుంది? సగం అయ్యేలోపు మిగతా సగం మన బీరువాలోనే ముసలివైపోతాయి. ఆ కట్ట కొనాల్సింది వీధి. అయిదారిళ్లు కలిసి మిరపకాయ బస్తా వాటాలు వేసుకున్నట్టు దీన్నీ వేసుకోవచ్చు. డ్వాక్రా గ్రూపులు నెలనెలా కూర్చుని పొదుపు లెక్కలు రాసుకునేచోట ఒక్క కట్ట తెచ్చి పంచుకోవడం ఎంతసేపు? ఊరి చర్చిలో, గుళ్లో చేతి మైకులకు సెల్లులు కావాలి, ఆర్‌ఎంపీ దగ్గర బీపీ మిషనుకు, ఆక్సీమీటరుకు కావాలి. వాళ్లను కూడా కలుపుకోవాలి. రెండేసి కొని నష్టపోయిన ఆ పాత రైతుకు అప్పుడు దొరకని ధర ఇప్పుడు ఊరంతటికీ దొరుకుతుంది. కలిపి కొనే నెల అక్టోబరు మొదలైతే మంచిదని నా అభిప్రాయం. ఎండలు తగ్గి ఉంటాయి, తుపాను రోజులు ముందున్నాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు పోతుంది, ఫోన్లు ఛార్జింగ్ లేక ఆగిపోతాయి. సెల్లు వేస్తే వెలిగే లైటు ఒకటి, సెల్లు వేస్తే పలికే రేడియో ఒకటి తీర గ్రామాల్లో ప్రతి ఇంటా ఉండాలంటాను.

పెట్టెగా కొనకూడని సెల్లు ఒకటుంది. నాణెం ఆకారంలో, రూపాయంత వెడల్పున, షుగర్ మిషన్లలో, బరువు చూసుకునే మిషన్లలో, కొన్ని చిన్న రిమోట్లలో ఉంటుంది. పసిపిల్లలు ఉన్న ఇంట్లో దాన్ని ఒకటికి మించి ఉంచవద్దు, ఉన్నది తాళంలో ఉంచండి. పిల్లవాడు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా చాలు, అరటిపండు పెట్టి చూద్దాం, పొద్దున్న చూద్దాం అనకుండా ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే పరుగెత్తాలి. ఈ మాట ఈ కాలమ్‌లో మిగతా అంతా మరిచిపోయినా గుర్తుంచుకోండి.

కొన్నవన్నీ ఒకరోజు ఖాళీ అవుతాయి. పెట్టె కొన్న ఇంటికి పెట్టెడు ఖాళీ సెల్లులు వస్తాయి. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు అంతకుముందు కారు బ్యాటరీల్లాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీలకే ఉన్న బాధ్యతను అన్ని రకాల సెల్లులకూ విస్తరించాయి. వాడేసినవాటిని సేకరించి శుద్ధి చేయించాల్సింది తయారీదారులే. పాదరసం బరువులో 0.0005 శాతం మించకూడదు. చెత్తడబ్బా మీద అడ్డంగా గీతలు కొట్టిన బొమ్మ సెల్లు మీద ఉంటుంది, మామూలు చెత్తలో వేయవద్దని దాని అర్థం. మన వంతు విడిగా ఉంచి ఇవ్వడం. గుంటూరు చెత్త కొండవీడు దగ్గర చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటుకు వెళుతోంది, ఆ పొయ్యిలో సెల్లులు పడకూడదు. పల్లెల్లో పెంటకుప్పలో వేస్తే జింకు, మాంగనీసు ఎరువుతోపాటు మిరప చేలోకే వెళతాయి. నేను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేస్తున్నాను, వీధిలో మరికొన్ని ఇళ్లవాళ్లూ అందులోనే వేస్తున్నారు. కొత్త పెట్టె కొన్న ప్రతిసారీ పట్నంబజారులో అడుగుతున్నాను, “ఖాళీవి కంపెనీ బండికి ఇచ్చి పంపుతారా బాబాయ్?” అని. ఇప్పటిదాకా ఎవరూ తీసుకెళ్లలేదట. ఈసారి కంపెనీ మనిషి ఆర్డరు రాసుకోవడానికి వచ్చినప్పుడు తనే అడుగుతానన్నాడు బాబాయ్.