పుట్టిన తేదీ తర్వాత రాసుకోవచ్చు

తమ జీవితం గురించి రాసుకోవాలనుకునేవాళ్లు మన మధ్య చాలామంది ఉన్నారు. రిటైరైన టీచర్లు, నర్సులు, ఆర్టీసీలో పనిచేసినవాళ్లు, పిల్లలు అమెరికా వెళ్లిపోయాక ఇంట్లో ఇద్దరే మిగిలిన ఆలుమగలు. వాళ్లలో కొందరు నోటుపుస్తకం నా చేతిలో పెట్టి ఒకసారి చూడమంటారు. ఇష్టంగా చదువుతాను. అయితే ఆ పుస్తకాలు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. ఫలానా సంవత్సరం, ఫలానా గ్రామంలో, ఫలానా పుణ్యదంపతులకు ద్వితీయ సంతానంగా జన్మించాను. ఆపైన ప్రాథమిక విద్య, కళాశాల విద్య, వివాహం, ఉద్యోగం, బదిలీలు. అలా కొన్ని పేజీలు నడిచాక రాసేవారికే ఓపిక పోతుంది. తక్కిన కాగితాలు తెల్లగా ఉండిపోతాయి.

ఈ మొదలు మనకు సన్మాన పత్రాల నుంచి వచ్చిందని నా నమ్మకం. ఒక మామూలు మనిషి జీవితం మొత్తం కాగితం మీదికి ఎక్కడం మనం చూసేది ఎక్కడ? సన్మాన పత్రంలో, ఉద్యోగం దరఖాస్తులో, లేదంటే పెద్దకర్మ రోజు పంచే చిన్న పుస్తకంలో. ఈ మూడింటిలోనూ అప్పులుండవు, కోపాలుండవు, అన్నదమ్ములు మాటలు మానేసిన పదేళ్లుండవు. ఆ భాషలో మొదలుపెట్టిన మనిషికి తన ఇంట్లోకి తనే వెళ్లడానికి దారి దొరకదు.

పుట్టిన తేదీతో ఇంకో చిక్కు కూడా ఉంది. మన పెద్దవాళ్లలో చాలామందికి సర్టిఫికెట్ మీదున్న తేదీ బడిలో చేర్పించిన రోజున పంతులుగారు వేసింది. జులై ఒకటో తారీకున పుట్టినవాళ్లు ప్రతి వీధికీ కొందరుంటారు. అసలు తేదీ అడిగితే, గోదావరికి వరదొచ్చిన ఏడు, రజాకార్ల గొడవప్పుడు, దివిసీమ ఉప్పెనకి ముందు కార్తీకంలో అని చెబుతారు. తనది కాని తేదీతో తన కథ మొదలుపెట్టడం ఎందుకు? వరదతోనే మొదలుపెట్టవచ్చు కదా.

నన్నడిగితే, మీరు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పలేని సంగతి ఒకటి మీ దగ్గర తప్పకుండా ఉంటుంది. అక్కడ మొదలుపెట్టండి. అది ఘనకార్యమే కానక్కర్లేదు. రాత్రి సర్వీసు బస్సు నడిపిన మనిషికి, తెల్లవారుజామున కునుకు రాకుండా తోటి కండక్టరు ఏం మాట్లాడుతూ వచ్చేవాడో తెలుసు. ప్రసూతి వార్డులో పనిచేసిన నర్సుకి, ఆడపిల్ల పుట్టిందని బయటికొచ్చి చెప్పినప్పుడు వరండాలో నిలబడ్డవాళ్ల ముఖాలు ఎలా మారేవో తెలుసు. అలాంటి ఒక నర్సు రాసిన పుస్తకం చదివాను. ఆ ముఖాల మాట ఎక్కడో చివర ఒక్క లైనులో ఉంది. ప్రమోషన్ వచ్చిన వైనం మూడు పేజీలుంది. ఆ ఒక్క లైనే మొదటి పేజీ కావాలని ఆవిడకి చెప్పాను. అది అందరికీ తెలిసిన విషయమేగా అన్నారావిడ. కాదు. ఆ గుమ్మంలో నిలబడి చూసింది ఆవిడే.

నేనూ నా జ్ఞాపకాలు రాసుకుంటున్నాను. మాది కోనసీమలో ఒక చిన్న ఊరు. నాన్నగారు ఆ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు. పోస్టాఫీసంటే వేరే భవనమేం కాదు, మా ఇంటి వీధి అరుగే. ఒక బల్ల, ఒక తూకం, నల్ల సిరా అద్దిన స్పాంజి, తేదీ ముద్ర. రోజూ పొద్దున ఆ ముద్రలో అంకెలు మార్చే పని నాది. సైకిలు మీద టపా సంచి వచ్చేది. నాన్నగారు సీలు విప్పి ఉత్తరాలు బల్ల మీద పరిచేవారు. పసుపు రాసిన కార్డయితే నన్నిచ్చి పంపేవారు. చావు కబురయితే పంపేవారు కాదు. ఆ ఇంటి మనిషిని అరుగు దగ్గరికి పిలిపించి, కూర్చోబెట్టి, మెల్లగా చెప్పేవారు. ఆ కార్డు ఎవరూ ఇంట్లోకి తీసుకెళ్లరు. అక్కడే చించి గోడవతల పారేసేవారు. మా వీధిలో ఎవరింట్లో ఏయే చావులు జరిగాయో చెప్పే కాగితం ఒక్కటి కూడా మిగలకపోవడానికి కారణం ఇదే. అందుకే వాటి గురించి రాయాల్సింది నేనే అనిపించింది.

అయినా నా పుస్తకం చావులతో మొదలుకాలేదు. కువైట్ ఉత్తరాలతో మొదలైంది. 1980ల నాటికే మా వైపు నుంచి ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి కువైట్ వెళ్తుండేవారు. వాళ్లలో చాలామందికి రాయడం రాదు, అక్కడ ఎవరిచేతో రాయించేవారు. ఇక్కడి భర్తకి చదవడం రాదు, మా అరుగు మీదికొచ్చేవాడు. నాన్నగారు ముందు ఉత్తరం మొత్తం మనసులో చదువుకుని, తర్వాత పైకి చదివేవారు. కొన్నిచోట్ల గొంతు చిన్నగా ఆగేది. మళ్లీ అందుకునేటప్పటికి ఒక వాక్యం వెనకబడిపోయేది. పక్కనే కూర్చుని ఉత్తరంలోకి తొంగిచూస్తున్న నాకు, ఆయన వదిలేసిన వాక్యం కనిపించేది. వింటున్న మనిషికి తెలియదు. ఆ వాక్యం ఉందని ఈ ఊళ్లో తెలిసింది మా ఇద్దరికే. ఆయన పోయాక నాకొక్కదానికే.

మొదటి అధ్యాయం అదే. నేను పుట్టిన సంగతి అందులో ఇంకా రానేలేదు. ఎప్పుడొస్తుందో కూడా చూసుకోలేదు.

అక్కణ్నుంచి మిగతావి వాటంతట అవే వచ్చాయి. ఏ సంవత్సరం ఏది జరిగిందో తేల్చుకోవడానికి నాకు డైరీలు లేవు. కానీ 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది, ఉత్తరాలు ఆగిపోయాయి. సంచి రాగానే అరుగు కింద మనుషులు నిలబడి ఎదురుచూసిన రోజులవి. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాలు లక్షమందికి పైగా భారతీయులను వెనక్కి తీసుకొచ్చాయి. మా ఊరివాళ్లు కూడా వాటిలో కొందరు వచ్చారు. ఆ సంవత్సరం ఒక గుంజలా నిలబడింది. దానికి ముందు జరిగింది, తర్వాత జరిగింది అని తక్కినవన్నీ దానికి కట్టుకుంటూ పోయాను. మీ దగ్గర కూడా అలాంటి ఏడు ఒకటుంటుంది. 1977 నవంబరు ఉప్పెన కావచ్చు, 1986 గోదావరి వరద కావచ్చు, 2009లో కర్నూలు మునిగినప్పుడు కావచ్చు. ముందు దాన్ని వెతుక్కోండి. పెళ్లి శుభలేఖలు, ఆస్పత్రి చీటీలు, ఫొటోల వెనక రాతలు, రేషన్ కార్డు, నాన్న పద్దుల పుస్తకం ఆ పక్కన పెట్టుకోండి. పద్దుల పుస్తకానికి మించిన డైరీ లేదు. ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరింటికి చుట్టాలొచ్చారో మందుల ఖర్చు, కూరగాయల ఖర్చు చెప్పేస్తాయి.

వరసగా రాయకపోతే పుస్తకం ఎలా అవుతుందని కొందరి భయం. ముళ్లపూడి వెంకటరమణ తన కథని స్వాతి వారపత్రికలో వారం వారం రాశారు. ఒక జ్ఞాపకం నుంచి ఇంకో జ్ఞాపకానికి ఇష్టమొచ్చినట్టు దూకుతానని పేరులోనే చెప్పి, దానికి కోతి కొమ్మచ్చి అని పెట్టారు. గాంధీజీ ఆత్మకథ కూడా 1925 నుంచి 1929 దాకా నవజీవన్ వారపత్రికలో గుజరాతీలో ముక్కలు ముక్కలుగా వచ్చిందే. వారానికి ఒక్క ముక్క చాలు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి నా జీవిత యాత్ర చివరి భాగాన్ని తెన్నేటి విశ్వనాథం రాసి పూర్తిచేశారు. ఎక్కడ ఆగినా అక్కడిదాకా రాసింది నిలిచే ఉంటుంది.

చెయ్యి వణుకుతోంది, కళ్లు కనబడటం లేదు అనేవాళ్లకి చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిని గుర్తుచేస్తాను. చూపు పోయిన తర్వాత ఆయన తన స్వీయచరిత్రము నోటితో చెప్పి రాయించారు. ఇప్పుడు ఫోన్ ఉంది. మాట్లాడితే రికార్డు చేస్తుంది, తెలుగులో టైపు కూడా చేసి పెడుతుంది. తప్పులుంటాయి, మనవడో మనవరాలో దిద్దుతారు. దిద్దుతూ వింటారు కూడా. అదింకా మంచిది.

అడిగేవాళ్లకి కూడా ఒక మాట. అమ్మమ్మ దగ్గర కూర్చుని నీ జీవితం గురించి చెప్పు అంటే ఆవిడేం చెబుతుంది? నాదేముందిరా అంటుంది. అదే, నీ పెళ్లికి ముందు మీ ఇంట్లో మంచినీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చేవారు అని అడగండి. బిందె, బావి, దారి, దారిలో ఎదురయ్యే మనుషులు, బావి దగ్గర ఎవరిని ముందు తోడుకోనిచ్చేవారు, ఎవరిని దూరంగా నిలబెట్టేవారు, అన్నీ వస్తాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత స్త్రీశక్తి సంఘటన వాళ్లు మాట్లాడించి 1986లో మనకు తెలియని మన చరిత్ర పుస్తకం తెచ్చారు. వాళ్లు వెళ్లి అడగకపోతే ఆ మాటలు మనదాకా వచ్చేవి కావు.

భాష సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాన్నగారు వదిలేసిన వాక్యం గురించి నేను గ్రాంథికంలో రాస్తే ఆయన అందులో ఉండరు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు గోదావరి జిల్లా ఇంటి మాటతో అనుభవాలూ జ్ఞాపకాలూనూ రాశారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగాలో చిత్తూరు పల్లె మాట ఒక్కటి కూడా మార్చుకోలేదు. మీ ఇంట్లో మీ అమ్మ మిమ్మల్ని ఎలా కేకేసేదో అలా రాయండి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆపింది వేరే విషయం. ఉత్తరంలోని ఆ వాక్యం నాకు తెలుసు. కానీ అది నాది కాదు. అరుగు మీద విన్నది అరుగు దిగకూడదని నాన్నగారి పట్టుదల, అమ్మ అడిగినా చెప్పేవారు కాదు. పేర్లు మార్చేస్తే సరిపోతుంది కదా అని స్నేహితులన్నారు. ఊళ్లో పేరు మార్చినంత మాత్రాన ఎవరికి తెలియకుండా ఉంటుంది? కువైట్ వెళ్లి ఎనిమిదేళ్లు ఉండి వచ్చినావిడ అంటే చాలు, ఇల్లు చూపించేస్తారు. చివరికి వెళ్లి ఆవిడనే అడిగాను. ఉత్తరంలో ఆ మాట ఉందనీ, నాన్నగారు చదవలేదనీ చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత, “రాయమ్మా. కానీ నేను ఏడ్చిన సంగతొక్కటే రాసి ఊరుకోకు. చీటీ పాడి డాబా కట్టానని కూడా రాయి” అంది. నాన్నగారు ఆ మాట వదిలేసి చదివినందుకు మాత్రం కోపపడింది. తన భర్తకి తెలియాలనే రాయించానంది.

ఇది నా అధ్యాయాన్ని మార్చేసింది. నాన్నగారి మంచితనం గురించి రాస్తున్నానని అనుకున్నాను. ఆ మంచితనం ఒక మనిషి మాటను అడ్డుకుందని ఇప్పుడు అందులో ఉంది. రెండూ నిజమే, రెండూ ఉంచాను. వాక్యం ఏమిటన్నది మాత్రం రాయలేదు. ఆవిడ రాయమంది, అయినా ఆవిడ పిల్లలు ఊళ్లోనే ఉన్నారు.

ఎంత చెప్పాలి, ఎక్కడ ఆగాలి అనేదానికి నేను మళ్లీ మళ్లీ తీసి చదివే పుస్తకం కొండపల్లి కోటేశ్వరమ్మగారి నిర్జన వారధి. 1918లో పుట్టిన ఆవిడ పుస్తకం 2012లో వచ్చింది, తొంభై దాటాక. బాల్యంలోనే వైధవ్యం, కొండపల్లి సీతారామయ్యతో పునర్వివాహం, పార్టీ పని, అజ్ఞాతవాసం, భర్త విడిచిపెట్టి వెళ్లడం, ముప్పై అయిదేళ్ల వయసులో మళ్లీ చదువు, కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం, కొడుకునీ కూతుర్నీ పోగొట్టుకోవడం. ఇందులో ఏ ఒక్కదాని మీదైనా ఎంత నింద రాయవచ్చో ఆలోచించండి. ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పి పక్కకు తప్పుకుంటారు. తనని గాయపరిచిన మనిషి గురించి కూడా, తీర్పు చెప్పే తొందర లేకుండా రాశారు. అలాగని దాచారా అంటే దాచలేదు. పగ తీర్చుకోవడానికి రాసే పుస్తకం ఎందుకు చదవలేకపోతామో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. కోపం ఇంకా మండుతున్న చోట మీరు రాయడం మొదలుపెట్టకండి. రాసుకోండి, కానీ అది విడిగా ఉంచండి, తర్వాత చూద్దురుగాని.

మొదటి పదిపదిహేను పేజీలు అయ్యాక వాటిని సాహిత్యం తెలిసినవాళ్లకి చూపించకండి. అన్నకో, చెల్లికో, అదే ఇంట్లో పెరిగిన ఎవరికైనా చూపించండి. నేను మా అన్నయ్యకి పంపాను. ఫోన్ చేసి, తేదీ ముద్రలో అంకెలు మార్చింది నువ్వు కాదు, నేను అన్నాడు. స్పాంజి కూడా లేదట, గుడ్డ ముక్కని సిరాలో తడిపేవారట. చాలాసేపు వాదించుకున్నాం. వాడి గొంతులో అనుమానం లేదు, నాకూ లేదు. చివరికి వాడు చెప్పింది వాడు చెప్పినట్టే, నాది నాదిగానే రాశాను. వచ్చే వారం వాడు తనకి గుర్తున్న కువైట్ ఉత్తరాల సంగతులు రికార్డు చేసి పంపుతానన్నాడు.