నిండుకొన్న బియ్యము

నా చిన్ననాట విజయనగరమున, అయ్యకోనేటి గట్టునుండి మా వీథిలోనికి దిగినంతనే యగపడు పెంకుటింటి ముంగిటికి, నెలకు రెండు మూడు మారులు నేను ఖాళీ తవ్వ చేతబట్టుకొని పోవుచుండెడివాడను. "పిన్నీ, బియ్యం నిండుకున్నాయి, అమ్మ సెప్పమన్నాది" అని మాత్రమే నేననవలెను. ఇమ్మని యడుగరాదు, లేవని యసలే పలుకరాదు. ఆ యిల్లాలును ఎన్ని కావలెనని ప్రశ్నింపక, "కూకో నాయినా" అని నన్ను అరుగుపై కూర్చుండబెట్టి, తవ్వ నిండిన పిమ్మట మరియొక పిడికెడు పైన పోసి యిచ్చెడిది. బదులు తీర్చునాడు మా యమ్మ, బియ్యముతోపాటు పెరటి వంకాయలు రెండైనను పంపక మానెడిది కాదు. యాచన జరిగినది, దానము జరిగినది. కాని యా రెండు మాటలును ఎవరి నోటను వెలువడలేదు.

కుండ యడుగంటినప్పుడు నిండుకొన్నదనుట యసత్యము గాదా యని నేటి యువకులు నన్నడుగుచుందురు. వినువానికి నిజము తెలియనప్పుడు గదా యది యసత్యమగుట! ఈ పలుకుబడి యంతయు వినువాని వివేకముపై నమ్మకముంచి నిర్మింపబడినది. సంజవేళ తథాస్తు దేవతలు తిరుగుచుందురనియు, ఇంటిలో 'లేదు' అన్న మాట వినబడిన వారు 'అట్లే యగుగాక' అందురనియు మా ముసలివారు నమ్మిరి. అందుచేతనే దీపమారినదనక కొండెక్కినదనిరి. మంగళసూత్రము తెగినదనక పెరిగినదనిరి. రాత్రివేళ పామును పురుగనిరి. ప్రయాణమునకు గడప దాటువానిని 'ఎక్కడికి' అని యడ్డగింపక 'ఎందాక' అని పలుకరించిరి. భిక్షకుని ముందుకూడ 'లేదు పొమ్ము' అనక, 'చెయ్యి ఖాళీ లేదు' అనిరి. ఒంటిపై పొక్కులు లేచిన బిడ్డకు రోగము వచ్చినదనక అమ్మవారు పోసినదనిరి. మసూచి భూమిమీద లేకుండ బోయినదని 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన పిదపగూడ, ఆటలమ్మ వచ్చిన యింట ఆ మాటయే నేటికిని వినబడుచున్నది. అమంగళమును స్ఫురింపజేయు పదమును మన యాలంకారికులు అశ్లీలదోషములలో నొకటిగా నెంచిరి; కావ్యప్రకాశమును కంటజూడని మా యమ్మలు ఆ సూక్ష్మమును వంటయింట నిత్యము పాటించిరి.

ఈ సంస్కారము మన యొక్కరిదే కాదు. జపానుదేశమున వివాహపు విందు ముగియునప్పుడు 'ముగిసినది' అనుట యపశకునమని, 'తెరచుట' యను నర్థమిచ్చు 'ఓహిరాకి' యను మాటతో సభను చాలించుదురు. ఎండిపోయిన కుండకు నిండుదనమును, మూతపడు సభకు తెరపును ఆరోపించిన యీ రెండు జాతులును ఒకదాని నొకటి చూచి నేర్చినవి కావు. పియర్ పండునకు అక్కడి పేరు 'నషి'; 'లేదు' అను పదముతో ఆ పేరునకు ధ్వనిసామ్యముండుటచే, దానిని 'అరి నో మి', అనగా 'ఉన్న పండు' అని మార్చి పిలిచినవారు గలరు. మా యమ్మ యా మాట విని యుండిన నెంత సంతసించెడిదో! ఎదుటివాడు నోట ననని దానిని గ్రహించుటకు వారు 'గాలిని చదువుట' యని పేరిడిరి. తవ్వను జూచియే బియ్యము కొలిచిన మా పిన్ని చదివినదియు నా గాలినే.

మర్యాదమాట మోసమునకు ముసుగు కాగలదని నేనెరుగకపోలేదు. 1892లో ఈ విజయనగరముననే మొదట ప్రదర్శింపబడిన కన్యాశుల్కములో, తీయని మాటల మాటున స్వార్థము నెట్లు దాచవచ్చునో గురజాడవారు గిరీశము ద్వారా చూపియే యున్నారు. కాని గిరీశము దాచినది తన యవసరమును; మా పిన్ని దాచినది యెదుటివారి లేమిని. ఈ భేదమును పాటింపక, సూటిగా మాటలాడుటయే సత్యమనువారితో నేనేకీభవింపజాలను.

ఈ మాటలన్నిటిలో నాకు మిక్కిలి ప్రియమైనది 'వెళ్ళొస్తాను'. శ్రీకాకుళమున నాగావళి యొడ్డు గ్రామములలో 'ఎల్లొస్తాను' అని పలికినను, పోవుట యొక్కటియే చెప్పక రాకను దానికి జతచేయుట యందరకును పరిపాటి. ఆ మాట పలుకగూడని యిల్లొకటే కలదు. మా పిన్ని కాలము చేసిన నాడు పరామర్శకు పోయి, లేచునప్పుడు అలవాటుచొప్పున నోటివరకు వచ్చిన యా మాటను పెదవుల నడుమనే యాపుకొని, ఎవరితోను సెలవు పుచ్చుకొనకయే, ఆ యరుగు దిగి వచ్చితిని. లోపలనుండి నన్నెవరును పిలువలేదు.