చప్పట్లు కొట్టించే గైడు

పాత గుళ్లు చూపించడానికి కూడా పనితనం కావాలి. రాజు పేరు, శతాబ్దం, స్థలపురాణం గడగడా అప్పజెప్పేవాళ్లకు మనదగ్గర కొదవలేదు. వచ్చినవాళ్ల చేత ముందు ఏదో ఒకటి చేయించి, వాళ్లకు అనుమానం పుట్టాక కథ ఎత్తుకునేవాళ్లే అరుదు.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడు పోయినేడు పిల్లలతో మెక్సికో పోయి, ఒక్కరోజు టూరులో మాయా వాళ్ల చిచెన్ ఇట్జా చూసొచ్చాడు. కుకుల్కాన్ పిరమిడ్ ఎత్తెంతో వాడికి గుర్తులేదు. గైడు అందరినీ మెట్లకు ఎదురుగా నిలబెట్టి చప్పట్లు కొట్టించిన సంగతి మాత్రం గుర్తుంది. ఆ చప్పుడు మెట్లకు తగిలి కెట్సాల్ పిట్ట కూతలా తిరిగొస్తుంది. "మామా, పిల్లలు కొడుతనే ఉన్నరు, ఆపితే ఒట్టు" అన్నాడు. మధ్యాహ్నం సెనోటేలో ఈత. యుకటాన్ ఉత్తరాన నేలమీద పారే నదుల్లేవు. సున్నపురాయి పైకప్పు కూలి, అడుగునున్న నీళ్లు బయటపడ్డ ఇలాంటి గుండాలే ఆ ఊళ్లకు ఆధారం. కాబట్టి గుడినీ గుండాన్నీ ఒకే రోజు చూపించడం, అది టూరు కంపెనీ వ్యాపారమే అయినా, సబబే.

జులైలో వాళ్లు నల్లగొండ వచ్చినప్పుడు నేను అదే పద్ధతి పట్టాను. పొద్దున్నే పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయం కుందూరు చోడుల కాలపు త్రికూటాలయం, 11-12 శతాబ్దాల నాటిది. వయసులో కుకుల్కాన్‌కు కాస్త అటూఇటూ. పేరు తెచ్చింది రెండుచోట్లా నీడే. అక్కడ మార్చిలో, సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, పొద్దు వాలేవేళ మెట్ల పక్కగోడ మీద నీడ పాములా దిగుతుంది. ఇక్కడ లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలదు. ఏడాదికి రెండుసార్లు వచ్చేదానికి వేలమంది పోగవుతారు, రోజూ ఉండేదానికి మనం "దేవుని మహిమ" అని దండం పెట్టి చెప్పులు వెతుక్కుంటాం.

పన్నెండేళ్ల మనవరాలికి నేను మహిమ సంగతి ఎత్తలేదు. "అది ఏ స్తంభం నీడో కనిపెట్టు" అన్నాను. వరసగా ఒక్కో స్తంభం దగ్గరకు పోయి పక్కన చెయ్యి చాపి లోపలికి చూసింది. "తాతా, నా చెయ్యి పడట్లేదు!" ఇంకో స్తంభం. అక్కడా అంతే. కోపమొచ్చింది. అప్పుడు చెప్పాను: లోపలికి వచ్చేది నేరుగా పడే ఎండ కాదు, స్తంభాల సందుల్లోంచి రెండు పక్కలా చొరబడే ఆకాశపు వెలుతురు. అది తక్కువగా అందినచోట గోడ మీద నల్లని పట్టె మిగులుతుంది. ఒక్క స్తంభానికి చెందిన నీడ కాదు గనక చెయ్యి దొరకదు. ఒక్క సూర్యుడి వెలుతురు కాదు గనక పొద్దుతోపాటు నడవదు. ముందే ఇదంతా చెప్పి ఉంటే ఫోను తీసేది.

అదే ఊళ్లోని పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది రామాయణ, భారత ఘట్టాలను తొందరగానే దాటేశాం. పిల్లలకు ఆకలి. ఉదయసముద్రం కట్ట మీద మాత్రం పట్టుబట్టి ఆపాను. ఆ చోడులే తవ్వించిన చెరువు, ఇప్పుడు ఏఎమ్మార్పీ అనే నీటి ప్రాజెక్టు కాలువలతో కృష్ణ నీళ్లు వచ్చి చేరుతున్నాయి. గుళ్లు చూసి చెరువు చూడకుండా పోయేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఈ మెరకనేల మీద నీళ్లు నిలబెట్టాకే కదా ఎవరైనా గుడికి రాళ్లెత్తేది.

మన సెనోటే మా ఊరి వ్యవసాయ బాయి. "లైఫ్ జాకెట్ ఏది?" అంది పిల్ల. మేం నేర్చుకున్నప్పుడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర ఉండేది, ఇప్పుడు మూత బిగించిన ప్లాస్టిక్ క్యాను. బాయి పెద్దాయన దాన్ని ఆమె వీపుకు కట్టి, నడుముకు తాడు వేసి, కొసను అరచేతికి చుట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "కాళ్లు కొట్టు బిడ్డా, చేతులు తర్వాత" అన్నాడు, అంతే. నీళ్లు మింగినప్పుడల్లా తాడు బిగిసేది. ఊపిరి కుదిరాక ఆయన వేళ్లు ఒక్కొక్క చుట్టే వదిలాయి. ఆమె అవతలి గోడ ముట్టుకుని తిరిగి చూసేసరికి తాడు నీళ్లమీద తేలుతోంది. స్థలపురాణం చెప్పేవాళ్లకు ఈయన దగ్గర నెల రోజులు శిక్షణ ఇప్పించాలని నాకు గట్టిగా అనిపించింది.

వచ్చేసారి దోస్తుల పిల్లల్ని కూడా తీసుకొస్తానంటున్నాడు మేనల్లుడు. రమ్మన్నాను గానీ, బాయికి పొద్దున పోవాలి, పానగల్లు తర్వాత పెట్టుకోవాలి. నీడ ఎటూ పోదు. మోటరు వేసి పొలానికి పారబెట్టారంటే మాత్రం బాయిలో నీళ్లు సగానికి దిగుతాయి.